భానుకి ఒక టీచరు

మాస్టారు బోర్డు మీద లెక్క వేసి వెనక్కి తిరిగేసరికి గుమ్మం పక్కన కూర్చునే భాను అక్కడ లేదు.

సిరిమెట్ట బడికి ఆయన ఒక్కరే ఉపాధ్యాయుడు. అయిదు తరగతులూ ఒకే గదిలో. పేరు సర్వేశ్వరరావు, విజయనగరం వైపు మనిషి. పెద్ద పిల్లల్ని తలో దిక్కుకీ పరిగెత్తించి, తనూ చెప్పుల్లేకుండా బడి కింద పారే గెడ్డ వైపు దిగాడు. ఆరేళ్ల భాను నడుం లోతు నీళ్లలో కూర్చుని ఉంది. అరచేతితో నీటి పైపొరని తడుతూ, తనలో తను ఏదో రాగం తీసుకుంటోంది. ఎగువన వారం రోజులుగా ముసురు. గెడ్డ ఇంకాస్త పొంగి ఉంటే ఏమయ్యేదో ఆయనకి తెలుసు. పిల్లని ఎత్తుకుని గట్టు మీదికొచ్చి, తల్లికి కబురు పంపాడు.

కబురు అంది కాఫీ తోటలోంచి కనక పరిగెత్తుకొచ్చింది. కూతుర్ని కొంగుతో తుడిచింది.

"అమ్మా కనకా, నాకూ ఇద్దరు పిల్లలున్నారు," అన్నాడు మాస్టారు. ప్యాంటు ఇంకా నీళ్లు కారుతోంది. "తిట్టడానికి అనడం లేదు. పిలిస్తే పలకదు, కూర్చోమంటే కూర్చోదు, గంట కొడితే చెవులు మూసుకుని అరుస్తుంది. ముప్పై మందిని వదిలి దీన్నొక్కదాన్నే ఎలా కాసేది? రేపట్నుంచి పంపొద్దు."

కనక భానుని చంకనేసుకుని ఇంటికి నడిచింది.

భాను మాట్లాడదు. చిన్నప్పుడు వచ్చిన రెండు మూడు మాటలు కూడా ఎటో పోయాయి. మనిషి కళ్లలోకి చూడదు. కానీ ఘాటీ మలుపులో జీపు వస్తుంటే ఊరందరికంటే ముందు దానికే వినపడుతుంది. కోసిన కాఫీ పళ్లని బాగా ఎర్రనివి, కొంచెం ఎర్రనివి, పసుపు తిరిగినవి అని వరసలు పేరుస్తుంది. ఆ వరస ఎవరైనా చెరిపితే నేలకేసి తల కొట్టుకుంటుంది. తోటకి వెళ్లేటప్పుడు కనక పాత చీర పేలిక ఒక కొస తన నడుముకీ, రెండో కొస పిల్ల నడుముకీ కట్టుకునేది. లేకపోతే కళ్లు మూసి తెరిచేలోగా మాయమైపోతుంది.

ఆ సాయంత్రం పొయ్యి చుట్టూ కూర్చున్నప్పుడు మొగుడు సోంబరు ముందుగా నోరు విప్పాడు. వాళ్లు కొటియా తెగ వాళ్లు. ఇంట్లో ఆదివాసీ ఒరియాలోనే మాట్లాడుకుంటారు. తెలుగు బయటి వాళ్లతో, సంతలో.

"మాస్టారు సెప్పిందీ నిజమే కదా. ఇంటికాడుంటే ఏటి పోయింది? పేనంతో ఉంటాది."

"గురువు సేత పూజ సేయించాం, కోడిని కోసాం," అంది అత్త యర్రమ్మ. "కొండ దేవత దయ ఉన్నప్పుడు మాటొస్తాది. అందాకా నడుముకి గుడ్డ కట్టుకుని నువ్వు తోటకి పట్టుకుపో."

కనక గంజి కుండ దించి పక్కన పెట్టింది.

"పూజ సేయించండి, నేనొద్దననేదు. కానీ దీన్ని ఎన్నాళ్లు కట్టి పెంచేది? మేకపిల్లా ఏటి? నేను పోయాక ఆ కొస ఎవరి నడుముకి కడతారు?"

భాను గోడ వైపు తిరిగి చింతగింజలు వరస పెడుతోంది.

కనక ఆశ్రమ పాఠశాలలో ఎనిమిది దాకా చదివింది. అక్కడ చేరిన మొదటి ఏడు ఆమెకి ఒక్క తెలుగు ముక్క రాదు. టీచరు అడిగింది అర్థం కాక తల దించుకుని కూర్చునేది. మొద్దు పిల్ల అన్నారు. ఆ మాట వినీ వినీ తనూ నమ్మింది. రెండో ఏడు వార్డెనుగా వచ్చిన ఒకావిడకి ఒరియా తెలుసు. ఆవిడ పక్కన కూర్చోబెట్టుకుని మాట కలిపాకే తను మొద్దు కాదని కనకకి తెలిసింది. పిల్లకి కూడా అలాంటి మనిషి ఎవరో ఒకరు ఎక్కడో ఉండి ఉంటారని ఆమెకి గట్టి నమ్మకం. ఎక్కడున్నారో తెలియదు, అంతే.

తర్వాతి సంత రోజున పిల్లని వీపుకి కట్టుకుని అరకు దిగింది. కాఫీ అమ్ముకునే పని సోంబరుకి వదిలేసి, ఆశా కార్యకర్త చెప్పిన ఆనవాలు పట్టుకుని భవిత కేంద్రం వెతుక్కుంది. మండలంలో వికలాంగులైన పిల్లలకి చదువు చెప్పే చోటు అది. సుజానా అనే టీచరు ఉంది. మిషన్ చర్చి వాళ్లమ్మాయి, ముప్పై దాటి ఉండదు.

సుజానా భానుని పిలవలేదు, పట్టుకోలేదు. చాప మీద కొంచెం ఎడంగా కూర్చుని రంగు చెక్క ముక్కల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టసాగింది. భాను గదంతా రెండు సార్లు చుట్టింది, కిటికీ చువ్వల్ని నాలికతో తాకింది. చాలాసేపటికి వచ్చి ఆమె పక్కన కూర్చుని, తప్పుగా పెట్టిన ఒక ముక్కని తీసి సరైన చోట పెట్టింది.

"చూశారా, వచ్చింది," అంది సుజానా మెల్లిగా. "కనకగారూ, నేను డాక్టర్ని కాను. తేల్చి చెప్పాల్సింది వాళ్లు. కానీ నేను చూసినంతలో ఇది ఆటిజం అనిపిస్తోంది. జబ్బు కాదు. ఈ పాప మెదడు పనిచేసే తీరే వేరు."

కనక ఎవరినీ అడగలేక దాచుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది.

"కడుపుతో ఉన్నప్పుడు నేనేటైనా తినకూడనిది తిన్నానా టీచరమ్మా?"

"లేదమ్మా. మీ తప్పు కాదు. ఎవరి తప్పూ కాదు."

"మరి తగ్గిపోద్దా?"

"తగ్గేది కాదు. నేర్పిస్తే నేర్చుకుంటుంది. మనం దానికి తగ్గట్టు నేర్పాలి, అంతే."

ఊళ్లో బడిలోనే చదువుకునే హక్కు భానుకి ఉందని సుజానా చెప్పింది. ప్రత్యేకంగా టీచరు వెళ్లి చెప్పాలన్నా, చూసుకోవడానికి ఆయాని అడగాలన్నా ముందు పట్నంలో వైద్యులు పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వాలి. కనక వెళ్లే దారి అడిగింది. ఇంటికొచ్చి సోంబరుతో "పట్నం పోవాలి" అంది. కాఫీ కోతల కాలంలో పట్నమేంటని అతను విసుక్కున్నాడు. అయినా వెంట వచ్చాడు.

ఆ ప్రయాణం తలుచుకోవడానికి కూడా బాగుండదు. ఘాటీ రోడ్డు మలుపుల్లో బస్సు హారన్ మోగినప్పుడల్లా భాను గుక్కపట్టి ఏడ్చింది. "నోరు ముయ్యించమ్మా, తల బద్దలైపోతోంది" అని వెనక సీటావిడ అరిచింది. ఆసుపత్రిలో హాలు నిండా జనం. మైకులో పేర్లు పిలుస్తుంటే భాను బెంచీ కిందకి దూరిపోయింది. వంతు వచ్చాక సోంబరు దాన్ని బలవంతంగా లాగి ఎత్తుకుని లోపలికి తెచ్చాడు. కుర్ర డాక్టరు. కళ్ల కింద నల్లటి వలయాలు. తలుపు దగ్గర ఇంకా బోలెడు మంది.

"పాపా, నీ ముక్కేదీ? ఎర్ర బంతి చూపించు."

భాను తిరుగుతున్న ఫ్యాను వైపే చూస్తోంది. ఇంకో రెండు ప్రశ్నలు అడిగి డాక్టరు రాసేశాడు. "బుద్ధిమాంద్యం అమ్మా. వైకల్యం శాతం బాగానే వస్తుంది. పెన్షన్‌కి పనికొస్తుంది."

"పెన్షన్ కోసం రానేదు బాబూ," అంది కనక. "బడి కోసం వచ్చాం."

"దీనికి బడి కష్టమమ్మా."

"మీరడిగింది తెలుగులో. మా గుంటకి తెలుగు రాదు. మాటలే రావు, వచ్చినా మీ మాట కాదు. ముక్కంటే దానికేటి తెలుస్తాది?"

డాక్టరు కలం ఆపాడు. "ఇప్పుడేం చెయ్యమంటారు?"

"మళ్లీ సూడమంటాను. మా మాటలో అడిగి సూడమంటాను. ఆ కాయితం మాకొద్దు."

సోంబరు మోచెయ్యి పట్టి లాగాడు. "కనకా! ఇత్తాననే కాయితం ఒద్దంతావేటి?" వెనక వాళ్లు గొణుక్కుంటున్నారు. కనక గదిలోంచి బయటికొచ్చింది కానీ ఆసుపత్రిలోంచి కదల్లేదు. వరండా చివర, చప్పుడు తక్కువగా ఉన్న మెట్ల మీద పిల్లని ఒళ్లో వేసుకుని కూర్చుంది. సోంబరు బతిమాలాడు, కోప్పడ్డాడు, ఆఖరికి తనూ ఆ మెట్ల మీదే చతికిలపడ్డాడు.

భోజనాల వేళకి హాలు ఖాళీ అయింది. టిఫిను డబ్బాతో బయటికొచ్చిన ఆ డాక్టరు వాళ్లని చూసి ఆగాడు. కాసేపు భానునే చూశాడు. అది మెట్టు మీద పడిన కానుగాకుల్ని పెద్దదాని పక్కన చిన్నది పెట్టుకుంటూ పోతోంది.

"ఎంతసేపట్నుంచి ఇలా పేరుస్తోంది?"

"వొచ్చిన కాడి నుంచీ బాబూ. రోజూ ఇంతే."

ఆయన డబ్బా గట్టు మీద పెట్టి జేబులోంచి చీటీ తీశాడు. "అంత జనంలో నేను సరిగ్గా చూడలేకపోయానమ్మా. పిల్లల సైకాలజిస్టు ఒకావిడ బుధవారాలు వస్తారు. ఆవిడకి రాసిస్తాను. మీరడిగినట్టే మీ మాటలోనే చూడమని రాస్తాను. మళ్లీ రాగలరా?"

"వస్తాం," అంది కనక.

ఇంటికి వచ్చేదాకా సోంబరు సణుగుతూనే ఉన్నాడు. మళ్లీ వెళ్లాలన్న రోజు వచ్చాక మాత్రం, "బస్సులో అది సచ్చిపోద్ది, రైల్లో పోదాం" అన్నది అతనే. సుజానా ఒక సలహా చెప్పింది. పిల్ల చెవుల్లో దూది పెట్టి, మీద నుంచి ఉన్ని టోపీ వెయ్యమంది. రాత్రికి పట్నంలో తన పిన్ని సంతోషమ్మ ఇంట్లో ఉండే ఏర్పాటూ చేసింది.

రైలు కొండలు దిగుతుంటే సొరంగాలు మొదలయ్యాయి. పెట్టె చీకటైపోయినప్పుడల్లా మిగతా పిల్లలు కేకలు పెడుతున్నారు. కనక గుండె దిటవు చేసుకుని కూర్చుంది. భాను అరవలేదు. కిటికీ ఊచ పట్టుకుని ఆ అదురు అరచేతిలోకి వస్తుంటే నవ్వుతోంది. మూడో సొరంగంలోనో నాలుగో సొరంగంలోనో, పక్కనున్న సోంబరు చెయ్యి పట్టుకుని లాగి ఊచ మీద పెట్టి, తన చిన్న అరచెయ్యి దాని మీద నొక్కింది. సొరంగం దాటి వెలుతురొచ్చాక కూడా తియ్యలేదు.

ఆరేళ్లలో కూతురు తనంతట తాను తండ్రిని ముట్టుకున్నది అదే మొదలు. సోంబరు ఊచ మీది చెయ్యి కదపలేదు. "దానికి ఇది నాకు సూపించాలనుంది కదే," అన్నాడు.

"ఉంది," అంది కనక. "ఎలా సూపించాలో తెలీదు, అంతే."

సైకాలజిస్టు పెద్దావిడ. చిన్న గదిలో ఫ్యాను ఆపించి, చెప్పులు విప్పి నేల మీద కూర్చుంది. తనేం అడగాలనుకుంటోందో కనకకి తెలుగులో చెప్పి, కనక చేత వాళ్ల భాషలో అడిగించింది. 'పాని' అన్నప్పుడు భాను నీళ్ల గ్లాసు వైపు వెళ్లింది. బొమ్మకి అన్నం పెట్టమంటే బొమ్మ కన్ను మూసి తెరిచి, మూసి తెరిచి, అదే చేస్తూ పోయింది. పిలిస్తే తిరగలేదు. రంగులు జతచెయ్యమని చేసి చూపిస్తే మాత్రం ఒక్కటీ తప్పలేదు. తర్వాత ఆవిడ తల్లిదండ్రుల్ని చాలా అడిగింది. ఎప్పుడు నడిచింది, ఏ తిండి ముట్టదు, దేనికి భయపడుతుంది, దేనికి నవ్వుతుంది. సగానికి పైగా సోంబరే చెప్పాడు. అంత గమనించాడని కనకకే తెలియదు.

"ఆటిజమే," అంది ఆవిడ చివరికి. "బుద్ధి ఎంతన్నది మాటలతో కొలిచే పరీక్షల్లో ఈ పాపకి ఇప్పుడే తేల్చలేం. తేల్చకూడదు కూడా. సర్టిఫికెట్ ఇచ్చే మెడికల్ బోర్డుకి అలాగే రాస్తాను. ప్రత్యేక విద్య తప్పకుండా కావాలని కూడా రాస్తాను."

అన్నాళ్లూ కంటతడి పెట్టని కనక వరండాలోకి వచ్చి స్తంభానికి ఆనుకుని ఏడ్చింది. అనుకున్నది దొరికినందుకో, జీవితాంతం ఉండేదన్న మాట ఇప్పుడు గట్టిగా విన్నందుకో ఆమెకే తెలియలేదు. సోంబరు వెళ్లి టీ తెచ్చాడు. ఆమె తాగేదాకా పిల్లని తనే ఎత్తుకుని నిలబడ్డాడు.

సర్టిఫికెట్ చేతికి వచ్చేసరికి కాఫీ కోతలు అయిపోయాయి. కనక దాన్ని తీసుకుని బడికెళ్లింది. సర్వేశ్వరరావు మాస్టారు మొత్తం చదివాడు.

"మంచిదే అమ్మా. కానీ ఈ కాగితం గెడ్డకి అడ్డం పడదు కదా. ఆ వేళ పిల్ల మునిగిపోయి ఉంటే? నాకిప్పటికీ నిద్రలో మెలకువ వస్తోంది."

కనకకి కోపం రాలేదు. ఆ భయం తనదీ కదా. "గెడ్డకి అడ్డం ఏటి కావాలో సెప్పండి మాస్టారూ. అది నేను సూసుకుంటాను. పిల్లని రానివ్వనని మాత్రం అనకండి."

"కంచె కావాలి. గేటు కావాలి. కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. చెప్పే పద్ధతి నాకు తెలియదు, అది తెలిసినవాళ్లు కావాలి."

తల్లిదండ్రుల కమిటీ సమావేశం పెట్టించమని కనక పట్టుబట్టింది. బడి వసారాలో ఊరంతా కూర్చుంది. సోములు అనే రైతు లేచాడు. "కనక గుంట ఒక్కదాని కోసం ఊరంతా కంచె కట్టాలా ఏటి? మా పిల్లలు దాన్ని సూసి అదే నేర్సుకుంటే?"

కనక లేవబోయింది. ఆమె కంటే ముందు సోంబరు లేచాడు. నలుగురిలో మాట్లాడే అలవాటు లేని మనిషి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తువ్వాలు నలుపుతున్నాడు.

"సోములన్నా, మీ చిన్నోడు కూడా ఆ గెడ్డ గట్టునే ఆడతన్నాడు. నిన్న నేనే ఎనక్కి తోలాను. ఎదురు బొంగులు నేను కొట్టి తెత్తాను. గుంజలు నేనే పాతుతాను. మీరు రాకపోయినా కడతాను. వస్తే బేగి అయిపోద్ది."

"నీ ఒక్కడి వల్ల ఏటవుద్ది, గొడ్డలి మాకు మాత్రం నేదా," అన్నాడు సోములు విసుగ్గా. మర్నాడు పొద్దున్నే గొడ్డలితో వచ్చాడు కూడా.

కంచె లేచింది. టీచరు రావడం మాత్రం అంత తేలిక కాలేదు. సుజానా చూడాల్సిన బళ్లు చాలా ఉన్నాయని, సిరిమెట్టకి జీపు రోడ్డు సగం వరకే ఉందని మండల విద్యా కార్యాలయంలో చెప్పారు. కనక ప్రతి సంత రోజూ అల్లం, రాజ్మా అమ్ముకున్నాక ఆ కార్యాలయం బెంచీ మీద కూర్చునేది. గొడవ పడేది కాదు, అరిచేది కాదు. అధికారి కనిపించగానే లేచి నిలబడేది. "ఏమైనాదండీ మా టీచరమ్మ సంగతి?" అదొక్కటే మాట. కొన్నాళ్లకి ఆ అధికారే ఆమెని చూడగానే, "ఫైలు పైకి పంపానమ్మా," అనడం మొదలుపెట్టాడు. "పై వాళ్ల పేరూ ఊరూ సెప్పండి, అక్కడ కూకుంటాను," అంది కనక ఒకరోజు. ఆయన నవ్వాడు. ఆ తర్వాత ఆయనే ఫోన్లు చేసి, అటూ ఇటూ సర్ది, వారానికి రెండు రోజులు సుజానా సిరిమెట్ట వెళ్లేలా ఉత్తర్వు తెప్పించాడు. ఆయా సంగతి తేలడానికి ఇంకా టైము పడుతుందన్నాడు. తేలేదాకా తనే బడిలో కూర్చుంటానని కనక చెప్పి వచ్చింది.

మొదటి వారాలు బాగా లేవు. భాను సుజానా చెయ్యి రక్తం వచ్చేలా కొరికింది. చాప మీద నాలుగు నిమిషాలు కూడా నిలవలేదు. సుజానా ఇంకోలా మొదలుపెట్టింది. పొద్దున్న ఏం చేస్తాం, తర్వాత ఏం చేస్తాం అన్నది బొమ్మలుగా గీసి గోడకి అంటించింది. ఒక పని కాగానే ఆ బొమ్మ తీసి డబ్బాలో వెయ్యడం భానుకి నచ్చింది. డబ్బాలో వెయ్యడం కోసమే పని చెయ్యడం మొదలుపెట్టింది. గంట కొట్టడం మాస్టారే మానేశాడు. చెయ్యి పైకెత్తి నిలబడతాడు, చూసిన పిల్లలు ఒకరి తర్వాత ఒకరు చేతులెత్తుతారు, గది దానంతటదే సద్దుమణుగుతుంది. ఇది అందరికీ బాగుందని ఆయనే చెప్పుకున్నాడు.

వేసవి సెలవులయ్యి బడి తెరిచిన వారం, సుజానా అందర్నీ పిలిచింది. ఈ ఏడాది భానుకి ఏమేం నేర్పాలో పెద్దవాళ్లంతా కలిసి అనుకుని రాసుకోవాలట. బయట సన్నగా వాన పడుతోంది. భాను తన మూలలో కూర్చుని గోడ మీద బొమ్మల వైపు చూస్తోంది.

"నా వరకూ అయితే అక్షరాలు," అన్నాడు మాస్టారు. "రంగుల్లాగే జతపరుస్తుందని నాకు అనిపిస్తోంది."

"పిలిస్తే ఆగాలి," అన్నాడు సోంబరు. "రాకపోయినా పరవాలేదు. ఆగితే సాలు, నేనే పోయి పట్టుకుంటాను."

సుజానా రాసుకుంటోంది. గుమ్మం బయట తడవకుండా ముడుచుకుని కూర్చున్న యర్రమ్మని ఎవరూ అడగలేదు. ఆమే గొంతు సవరించుకుంది.

"నన్ను తల దువ్వనిస్తే సాలమ్మా. దువ్వెన సూత్తే పారిపోతాది. ఒక్కపాలి నా కాళ్ల మధ్యన కూకుంటే, నూనె రాసి జడెయ్యాలని ఉంది."

సుజానా తలెత్తి ఆమెని చూసింది. "అది కూడా నేర్పొచ్చు అవ్వా. ముందు దువ్వెన చేతికిచ్చి ఆడనిద్దాం. తర్వాత మెల్లిగా ఒక్కసారి తలకి తాకిద్దాం." మిగతావాటి కిందే అదీ రాసింది.

"కనకగారూ, మీరేం చెప్పలేదు."

కనక మూల వైపు చూసింది. భాను పక్కన సోములు చిన్నకొడుకు వచ్చి కూర్చున్నాడు. ఏం మాట్లాడకుండా వాడూ బొమ్మల వైపే చూస్తున్నాడు. భాను జరగలేదు.

"వీళ్లు సెప్పినవన్నీ రాయండి టీచరమ్మా. ఒక్కటీ ఒదలకండి," అంది. "ఈ యేడు అవ్వనివి వచ్చే యేడుకి రాసుకుందాం. నేనెక్కడికీ పోను."

కొంగు తల మీదికి లాక్కుని వానలోకి దిగింది. ఆ రోజు సంత. ఆయా సంగతి అడగడానికి కార్యాలయం మూసేలోగా అరకు చేరాలి.